బాకాకి ‘స’ వినపడదు

2024 ఆగస్టులో మా చెల్లెలు వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఆమె పెద్ద కూతురు రష్యాలో, కుర్స్క్‌లో మెడిసిన్ చదువుతోంది. ఆగస్టు 6న ఉక్రెయిన్ సైన్యం సరిహద్దు దాటి కుర్స్క్ ప్రాంతంలోకి వచ్చిందని టీవీల్లో మొదలుపెట్టారు. అంతే, సింగరాయకొండలో ఆ ఇంట్లో టీవీ కట్టేసే నాథుడు లేడు. అంతకుముందు కుర్స్క్ ఎక్కడుందో మా వాళ్లలో ఒక్కరికీ తెలియదు. మాస్కో పక్కనేలే అనుకునేవాళ్లం.

నేను ఫోన్ చేస్తే పిల్ల మాత్రం తాపీగా మాట్లాడింది. “సైరన్ మోగితే కిందికి పోతుండాం మామా, ఆగితే పైకొస్తుండాం. ఇది మాత్రం అమ్మకు చెప్పబాక” అంది. చెప్పలేదు. దాంతో చెల్లెలి టెన్షన్‌కు తోడు ఆ దాచిపెట్టిన మాట టెన్షన్ నాకు పట్టుకుంది.

ఆ రాత్రి కందుకూరులో ఒక ఫంక్షన్ హాల్లో మాదే సౌండ్. భోజనాలు నడుస్తున్నాయి, డీజేకు ఇంకా గంట టైముంది. బాక్సుల వెనక కుర్చీ వేసుకుని ఫోన్లో కుర్స్క్ అని కొట్టాను. ట్యాంకులు వచ్చాయి, మ్యాపులు వచ్చాయి, 2000లో మునిగిపోయిన జలాంతర్గామి వచ్చింది. వాటన్నిటి కింద ఒక ఆడమనిషి పాత ఫొటో. పల్లెటూరి వేషం, ముఖంలో ఒకరకమైన పొగరు. ‘కుర్స్క్ కోయిల’ అని రాసి ఉంది. పక్కన పాట ఉంటే నొక్కాను.

ముందు పాట రాలేదు, గరగర వచ్చింది. బాండీలో ఇసుక పోసి శనక్కాయలు వేయిస్తే వచ్చే చప్పుడు. ఆ చప్పుడు నాకు కొత్తది కాదు. మా ఇంట్లో నేను ఊయల్లో విన్న చప్పుడది.

మాది మైకు సెట్ల కుటుంబం. నాకంటే ముందు నాయన, నాయనకంటే ముందు తాత. తాత కాలానికి మైకు ఎక్కడిది, ఆయన కీ ఇచ్చే గ్రామఫోను బాడుగకు తిప్పేవాడు. పెళ్లికి పిలిస్తే ఎద్దుల బండిలో వరిగడ్డి పరిచి, దాని మీద ప్లేట్ల పెట్టె, పెట్టె మీద దుప్పటి, దుప్పటి మీద తాత. మెషీను మాత్రం ఒళ్లో. కందుకూరు అప్పుడు నెల్లూరు జిల్లా. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా పుట్టింది, ఆ ఏడే నేనూ పుట్టాను. రెండేళ్లకు దానికి ప్రకాశం అని పేరు మార్చారు. 2022లో మమ్మల్ని మళ్లీ నెల్లూరులో కలిపారు. మా తాతా నేనూ ఒకే ఇంట్లో పుట్టి వేరే వేరే జిల్లాల వాళ్లం. మా బోర్డు మీద జిల్లా పేరు రాయించడం మానేశాను.

అప్పట్లో రికార్డు అనేవాళ్లు తక్కువ, ప్లేటు అనేవాళ్లు. ముల్లు ఉక్కుది. ఒక ముల్లు ఒక పక్కకే వాడి పారేయాలి, డబ్బా మీదే రాసి ఉండేదట. మా తాత పారేసే మనిషి కాదు. ముల్లును సానరాయి మీద నూరి మళ్లీ బిగించేవాడు. ముల్లు మిగిలింది, ప్లేటు అరిగింది. మా దగ్గర ఇప్పుడున్న పదకొండు ప్లేట్లలో తొమ్మిది గీతలు పడి ఉండటానికి కారణం ఆయన పొదుపే.

వాటిలో ఎక్కువ హరిశ్చంద్ర నాటకం పద్యాలు. స్టేజీ మీద పద్యం ఎత్తుకుంటే రాగానికే పది నిమిషాలు, వన్స్‌మోర్ అంటే ఇంకో పది. ప్లేటుకు పక్కకు మూడు నిమిషాలు, ఆ పైన ఒక్క క్షణం లేదు. అందుకని నాటకాన్ని ముక్కలు ముక్కలు చేసి సెట్టుగా అమ్మేవాళ్లు. శ్మశానంలో చంద్రమతి ఏడుస్తుంటే తాత లేచి ప్లేటు తిప్పాలి. ఆ తిప్పే లోపల ఆడవాళ్లు కళ్లు తుడుచుకుని కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగేవాళ్లని మా జేజి చెప్పేది.

ఇంకొకటి హాస్యం ప్లేటు. మొగుడూ పెళ్లాం పోట్లాట. లేబుల్ చెరిగిపోయింది, ఎవరు చేశారో తెలియదు. పెళ్లాం గొంతు కూడా మగవాడిదే అని చిన్నప్పుడే పసిగట్టాను. ఆ మూడు నిమిషాలూ నాకు కంఠతా వచ్చు. మొగుడు పేకాట నుంచి రావడం, తలుపు కొట్టడం, ఆమె తీయకపోవడం, ఒక సామెత, దానికి ఎదురు సామెత, చివర్న ఇద్దరూ కలిసి ఒక తిక్క పాట. వినేవాళ్లు నవ్వాల్సిన చోట ప్లేటులో ఎవరూ నవ్వరు. గదిలో జనం ఉంటే కదా. నటుడే “అహ్హహ్హ” అని తానే నవ్వి, మనల్నీ నవ్వమంటాడు.

ఇప్పుడు ఈ సంగతంతా ఎందుకంటే, ఆ రాత్రి పాట తర్వాత ఫోను దానంతటది ఇంకోటి వేసింది. అదీ రష్యాదే, 1900 దాటిన తొలినాళ్లది. మొదట ఒకతను గట్టిగా ఏదో ప్రకటించాడు. తర్వాత ఒక ముసలి గొంతు, ఒక కీచు గొంతు. గబగబా మాటలు. ఒక ఆగడం. “హ్హహ్హహ్హ”. మళ్లీ మాటలు. చివర్న హార్మోనియం లాంటిది ఒకటి వాయించి ఇద్దరూ కలిసి పాట. ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ నవ్వు ఎక్కడ వస్తుందో నాకు అర క్షణం ముందే తెలిసింది! బాక్సుల వెనక ఒక్కడినే కూర్చుని నవ్వుతుంటే మా కుర్రోడు వచ్చి “అన్నా, బాగుండావా?” అన్నాడు.

అప్పటి నుంచి పిచ్చి పట్టింది. ఏడాదిన్నరగా పని లేని రాత్రుల్లో ఇవే వింటున్నాను.

మొదట నాకు తగిలిన ఆశ్చర్యం బాకా దగ్గర. 1925 దాకా రికార్డింగుకు మైకు లేదు. గోడలోంచి పెద్ద బాకా ఒకటి గదిలోకి పొడుచుకొచ్చి ఉంటుంది. పాడేవాడు దాని నోట్లోకి పాడాలి. ఆ గాలి ఊపు సన్నటి కొసకు పోయి ఒక పల్చటి రేకును వణికిస్తే, ఆ వణుకుకు ముల్లు మైనం మీద గీత గీస్తుంది. అంతే మెషీను. కరెంటు చుక్క లేదు. పై స్థాయి అందుకునేటప్పుడు తల వెనక్కి తీయాలి, కింది స్థాయికి మళ్లీ బాకాలోకి దూరాలి. అలవాటు లేని పాటగాళ్లను వెనక నుంచి పట్టుకుని ముందుకూ వెనక్కీ జరిపే మనిషి ఉండేవాడు.

నా గోడౌన్లో డీజే బాక్సులు వచ్చాక మూలపడ్డ బాకాలు పద్నాలుగు ఉన్నాయి. చెట్లకూ గుడి గోపురాలకూ కట్టినవి. చూస్తే అదే ఆకారం, కాకపోతే తిరగేసిన పని. అక్కడ వెడల్పు నోట్లో మాట పోసి సన్నటి కొసన పట్టుకుంటారు, మేం సన్నటి కొసన పోసి వెడల్పు నోట్లోంచి ఊరి మీదికి వదులుతాం. మరి దీన్నీ తిరగేస్తే? ఒక ఆదివారం పూట బాకా యూనిట్ వైర్లు రెండూ తీసి మిక్సర్‌లో మైకు గుచ్చే చోట గుచ్చాను. స్పీకరు మైకు అయింది. ఇది మా వృత్తిలో అందరికీ తెలిసిన విద్యే, కానీ దేనికీ పనికిరాదని ఎవరూ చేయరు.

మా కుర్రోణ్ని బాకా ముందు నిలబెట్టి “ఏదో ఒకటి చెప్పరా” అన్నాను. వాడు “సుబ్బయ్య సింగరాయకొండ సంతకు పోయినాడు” అన్నాడు. రికార్డు వేసి వింటే, “ఉబ్బయ్య ఇంగరాయకొండ అంతకు పోయినాడు”! వాడు నేల మీద పడి దొర్లాడు. మూడుసార్లు చేశాం, మూడుసార్లూ ఉబ్బయ్యే. ‘స’ అనేది పైస్థాయి గాలి శబ్దం, ట్రెబుల్లో ఉంటుంది. బాకాకు అది వినపడదు. బేసూ వినపడదు. మధ్యలో గొంతు ఒక్కటే తెలుసు దానికి. గుసగుసలాడితే అసలు ఏమీ పడదు, అరవాల్సిందే.

ఈ ముక్క కుర్స్క్ పిల్లకు చెబితే ఎగిరి గంతేసినంత పని చేసింది. అంతకుముందు నేను పంపిన హాస్యం రికార్డులు విని, “మామా, సగం అక్షరాలు లేవు, నాకేం అర్థం కాలే” అని చేతులెత్తేసింది. నాలుగేళ్లుగా అక్కడే ఉన్న పిల్లకు రష్యన్ రాలేదేమో, కట్టిన ఫీజులు ఏమయినట్టో అని లోపల్లోపల అనుకున్నాను. తప్పు పిల్లది కాదు, బాకాది. రష్యన్‌లో స, ష, చ, ఇంకా మనకు లేని ‘ష్చ’ కూడా ఉంది. మాటకు రెండు దొర్లుతుంటాయి. ఆ భాషను ‘స’ వినని బాకాలో పోస్తే ఏం మిగులుతుంది!

ఇంకో చిక్కు స్పీడు. 78 అనేది తర్వాత స్థిరపడిన లెక్క. తొలి రోజుల్లో ఒక ప్లేటు నిమిషానికి 70 చుట్లకు దగ్గరలో కోస్తే, ఇంకొకటి 80కి దగ్గరగా ఉండేది. నెమ్మదిగా కోసినదాన్ని 78లో తిప్పితే పెద్దమనిషి పిల్లవాడవుతాడు. ఆ రాత్రి నేను విన్న హాస్యం ప్లేటులో కీచు గొంతు ఎలుకలాగా ఉందని పిల్ల అంటే, కంప్యూటర్‌లో 72కు దించి పంపాను. ఎలుక పోయి నడివయసు ఆడమనిషి వచ్చింది. అప్పుడు కొంచెం కొంచెం అర్థం చెప్పగలిగింది. వరస ఎక్కడ దెబ్బ కొట్టిందో చూడండి, అదీ మొగుడూ పెళ్లాం పోట్లాటే. ఇంకో దాంట్లో సంత గోల, అమ్మేవాళ్ల కేకలు, మధ్యలో ఒక తాగుబోతు.

రష్యాలో మొదట ఈ పని చేసిన వాళ్లలో ముఖ్యుడు ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే అమెరికన్. గ్రామఫోన్ కంపెనీ మనిషి. 1900లో పీటర్స్‌బర్గ్ వెళ్లి రికార్డు చేశాడు. అదే మనిషి 1902 నవంబరులో కలకత్తాలో గౌహర్ జాన్‌ను రికార్డు చేశాడు. పాట చివర ఆమె “మై నేమ్ ఈజ్ గౌహర్ జాన్” అని ఇంగ్లీషులో అరుస్తుంది కదా, అదేదో ఆమె దర్జా అనుకునేవాణ్ని. సంగతేంటంటే మైనం గీతలు జర్మనీలో హానోవర్ ఫ్యాక్టరీకి పోయేవి. అక్కడి పనివాళ్లకు హిందుస్తానీ తెలియదు, రష్యన్ తెలియదు. ఏ ప్లేటు ఎవరిదో పోల్చుకోవాలంటే ప్లేటులోనే పేరు వినపడాలి. రష్యా ప్లేట్ల మొదట్లో ఒకతను గట్టిగా ప్రకటించేదీ ఇలాంటిదే. మేం పెళ్లిలో కట్నాలు చదివించేటప్పుడు మైకులో పేర్లు అరుస్తామే, అలాంటి అవసరం.

ప్లేటు దేంతో చేస్తారు? లక్కతో. లక్క, రాతిపొడి, నల్లరంగుకు మసి. ప్రపంచం మొత్తానికి లక్క ఎక్కువగా మన దేశం నుంచే పోయేది. మన అడవుల్లో మోదుగ కొమ్మల మీద పురుగు కట్టిన లక్క ఓడెక్కి యూరప్ పోయి, అక్కడ రష్యా రైతు పాటను అచ్చేయించుకుంది.

ఇక ఆ కోయిల. నదేజ్దా ప్లెవిట్‌స్కాయ. కుర్స్క్ దగ్గర విన్నికోవో అనే పల్లెలో రైతుబిడ్డ. చిన్నప్పుడు మఠంలో చేరింది, అక్కడ ఉండలేక పారిపోయి సర్కస్ వాళ్లతో కలిసింది. తర్వాత పాటల బృందాలు, హోటళ్లలో పాటలు. 1909లో నీజ్నీ నొవ్‌గొరద్‌లో సోబినోవ్ అనే పెద్ద ఒపేరా గాయకుడు విని పైకి తెచ్చాడు. ఇంక ఆగలేదు. రెండో నికొలాస్ చక్రవర్తి ముందు పాడింది, కుర్స్క్ కోయిల అని బిరుదు ఆయన ఇచ్చిందే అంటారు. ప్లేట్లు విపరీతంగా అమ్ముడుపోయాయి. నిజానికి అది కోయిల కాదు, వాళ్లు సొలొవేయ్ అంటారు, వేరే పిట్ట. కుర్స్క్ ఆ పిట్టలకు పేరు. మనకు పాడే పిట్ట అంటే కోయిలే కాబట్టి అలాగే రాస్తున్నాను.

విప్లవం తర్వాత స్కోబ్లిన్ అనే జనరల్‌ను పెళ్లాడి, దేశం వదిలిన వాళ్లతో పాటు పారిస్ చేరింది. ఇల్లు వదిలి వచ్చిన వాళ్లంతా ఆమె పాట విని ఏడ్చేవాళ్లు. ఆ మొగుడూ పెళ్లాలిద్దరూ 1930లో సోవియట్ గూఢచారులయ్యారు. 1937 సెప్టెంబరులో పారిస్‌లో, దేశం వదిలిన ఆ సైనికుల నాయకుడు జనరల్ మిల్లర్‌ను పట్టపగలు ఎత్తుకుపోయారు. స్కోబ్లిన్ మాయమయ్యాడు, ఈమె దొరికింది. ఇరవై ఏళ్ల శిక్ష వేశారు. 1940లో రెన్ అనే ఊరి జైల్లో పోయింది.

ఇది చదివాక రెండు రోజులు ఆమె పాట పెట్టలేదు. మూడో రోజు పెట్టాను. గొంతులో ఆ విషయం ఏమైనా పడిందా అని చెవి ఒగ్గి విన్నాను. ఏమీ లేదు. బాకాకు ‘స’ వినపడదు, ఇదెక్కడ వినపడుతుంది?

హాస్యగాళ్లలో నాకు నచ్చింది బిమ్, బోమ్ అనే సర్కస్ జంట. రంపాలూ పెనాలూ చీపుళ్లూ, చేతికి ఏది దొరికితే దాన్ని వాయించేవాళ్లు. ప్లేట్లూ ఇచ్చారు. 1918లో మాస్కో సర్కస్‌లో వీళ్లు కొత్త ప్రభుత్వం మీద జోకులు వేస్తుంటే తుపాకులతో మనుషులు వచ్చారనీ, జనం అదీ ఆటలో భాగమే అనుకుని కాల్పులు వినపడేదాకా నవ్వుతూనే ఉన్నారనీ ఒక కథ ఉంది. ప్యోత్ర్ నేవ్‌స్కీ అని గార్మోన్ వాయిస్తూ తమాషా పాటలు పాడేవాడు ఇంకొకడు. గార్మోన్ అంటే మెడలో వేసుకుని లాగి వదిలే పెట్టె. బాకాకు అదంటే ప్రాణం. బలలైకా తీగలు పాపం పీలగా పడతాయి, డోలు గట్టిగా కొడితే ముల్లు ఎగిరిపోతుంది, గార్మోన్ మాత్రం ఠంచనుగా పడుతుంది. ఏ వాయిద్యం జనంలోకి పోవాలో కొంతవరకు బాకా తేల్చింది.

నచ్చనివీ ఉన్నాయి. యూదుల యాసనూ ఆర్మేనియన్ల యాసనూ వెక్కిరించే ప్లేట్లు అప్పట్లో ఒక పెద్ద వ్యాపారం. అందులో ఒకటి విని పిల్ల, “వీడు కావాలని యాస పెట్టి మాట్లాడుతుండాడు మామా, నవ్వు కథలో లేదు, యాసలోనే ఉంది” అంది. అదే కాలంలో, 1903లో కిషినేవ్‌లో, 1905లో ఇంకా చాలా ఊళ్లలో యూదుల ఇళ్ల మీద పడి చంపారు. ప్లేటు వల్ల చంపారని నేననను. కానీ నెల్లూరు యాస వాణ్ని నేను. కుర్రతనంలో మద్రాసులో ఆంప్లిఫయర్లు కొనడానికి పోయి కొట్లో “ఏందబ్బా, ఎంతకిస్తావు?” అంటే, పక్కనున్న తెలుగువాళ్లే ఆ “ఏందబ్బా”ను నా ముందే నాలుగుసార్లు అనుకుని నవ్వారు. సినిమాల్లో మా యాస వస్తే హాలంతా గొల్లుమంటుంది, నేనూ నవ్వుతాను. ఆ రష్యా ప్లేటు మాత్రం రెండోసారి పెట్టలేదు.

జానపదాల దగ్గరికి వస్తే, వోల్గా నది పడవలు లాగేవాళ్ల పాట షల్యాపిన్ పాడింది లోకమంతా విన్నదే. పెద్ద బేస్ గొంతు. మాకూ తాడు లాగిన వాళ్లున్నారు. బకింగ్‌హామ్ కాలువ మా తీరం వెంబడే పోతుంది. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడు. మా జేజిది రామాయపట్నం వైపు, ఆమె అన్న మద్రాసుకు కట్టెల పడవలు లాగాడు. నేను చిన్నప్పుడు “జేజీ, లాగేటప్పుడు పాట పాడేవాళ్లా?” అంటే, “పాటా? ఊపిరుంటే గదా నాయనా. ఒకడు ఏదో అంటాడు, కడమోళ్లు ‘హా’ అంటారు, అంతే” అంది. షల్యాపిన్ కూడా లేమిలో పెరిగినవాడే, కుర్రతనంలో వోల్గా రేవుల్లో మూటలు మోశాడు. అయినా ఆ ప్లేటులో వినిపించేది తాడు లాగేవాడి గొంతులా ఉండదు, పడవ సొంతదారు గొంతులా ఉంటుంది. ఊపిరి నిండా ఉంది.

జేజి చెప్పిన ‘హా’ లాంటిది పట్టుకోవాలని తిరిగిన మనిషి ఒకామె ఉంది. యెవ్గేనియా లీన్యోవా. 1897 నుంచి మైనం గొట్టాల ఫోనోగ్రాఫు మోసుకుని ఊళ్లు తిరిగింది. స్టూడియోకు వాళ్లను పిలవలేదు, వాళ్ల దగ్గరికే బాకాను తీసుకుపోయింది. అప్పటిదాకా పట్నం పండితులు రైతు పాటకు తమకు తోచిన స్వరాలు కట్టి అచ్చేసేవాళ్లు. ఈమె గొట్టం తిప్పి మళ్లీ మళ్లీ విని కాగితం మీద పెడితే తేలిందేమంటే, పల్లెలో అందరూ ఒకే పాట పాడుతున్నా ఎవరి దారి వాళ్లదే, ఎవరి మెలిక వాళ్లదే, అయినా పాట చెదరదు. మా ఊళ్లో నాట్లేసేటప్పుడు విన్నవాళ్లకు ఇది కొత్త కాదు. ఒకామె ముందు ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు ఎవరికి వీలైన చోట వాళ్లు కలుస్తారు. దాన్ని ఒక బాకా ముందు వరసగా నిలబెట్టి పాడించమంటే బడిపిల్లల ప్రార్థన అయి కూర్చుంటుంది.

ఇక నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ప్లెవిట్‌స్కాయ పాటల్లో ఒకటి 1926లో అమెరికాలో రికార్డు చేసింది. పియానో వాయించింది రఖ్మానినోవ్ అనే రష్యా సంగీతకర్త. అప్పటికి మైకు వచ్చేసింది, మా వృత్తి పుట్టిన కొత్తల్లోది. గరగర ఉన్నా గొంతు గదిలోకి వచ్చి కూర్చున్నట్టు ఉంటుంది. మంచి ఊపు. పియానో కాళ్లు కదిలించేస్తుంది. పోయిన ఏడాది మాఘమాసంలో ఉలవపాడు దగ్గర ఒక పెళ్లిలో, భోజనాల టైములో నాకు తోచిన పాటలు వేసుకునే వీలు ఉంటుంది కదా, ఊపుగా ఉందని దాన్ని పెన్ డ్రైవ్‌లో పెట్టి వేశాను. ఎవరూ పట్టించుకోరనుకున్నాను. చారు వడ్డిస్తున్న కుర్రోళ్లు తాళం వేస్తూ నడిచారు. పెళ్లికొడుకు మేనమామ, ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడట, ఆకు ముందు నుంచి లేచి వచ్చి, “ఇదేం భాష అబ్బయ్యా? బాగుండాదే, ఇంకోసారి వెయ్యి” అన్నాడు. ఇంకోసారి వేశాను. మూడోసారి కూడా.

వేసవి సెలవులకు పిల్ల ఇంటికి వచ్చింది. సింగరాయకొండలో మంచం మీద కూర్చుని మామిడికాయ ముక్కలకు ఉప్పూకారం అద్దుకు తింటూ, నా ఫోన్లో ఆ పాట విని అర్థం చెప్పింది. మైకు రికార్డింగు కదా, ‘స’ వినపడుతోంది, ఇబ్బంది లేదు.

ముఖానికి వేసుకున్న తెల్ల పౌడరునూ బుగ్గల ఎరుపునూ పెళ్లయిన పిల్ల బతిమాలుతోంది. నా ముఖం మీద నుంచి పోండి, రాలిపోండి అంటోంది. ఎందుకంటే అనుమానపు మొగుడు ఇంటికి వస్తున్నాడు. ఆమెకు ఖరీదైన కానుక తెస్తున్నాడు. ఆ కానుక, అల్లిన పట్టు కొరడా. నన్ను కొడతాడు, ఏ తప్పుకు కొడతాడో నాకు తెలియదు అంటోంది.

“దీన్ని పెళ్లిలో వేసినావా మామా?” అంది.

“మూడుసార్లు” అన్నాను.

నవ్వుతుందనుకున్నాను. మామిడి ముక్క చేతిలో పట్టుకుని అట్లాగే చూసింది. మా చెల్లెలు వంటింట్లోంచి “ఏందంట?” అంటే, ఇద్దరం “ఏం లేదు” అన్నాం.

మా హాస్యం ప్లేటు గుర్తొచ్చింది. అందులోనూ పెళ్లాం తలుపు తీయకపోవడానికి కారణం ఒకటి ఉంది. మొగుడు చేతిలో ఏదో ఉందని ఆమె కిటికీలోంచి చూసి అంటుంది, దానికి వాడు ఒక సామెత వేస్తాడు, మేం నవ్వేవాళ్లం. యాభై ఏళ్లుగా నాకు కంఠతా వచ్చిన ప్లేటు. ఆ రాత్రి ఇంటికి వచ్చి మళ్లీ పెట్టి విన్నాను. గరగరలో ఆ మాట పడిందో లేదో చెవి ఆనించి చూశాను. స్పష్టంగానే ఉంది. “కట్టె” అంటోంది. అందులో ‘స’ లేదు.

మొన్న కార్తీకంలో ఆ డ్రైవరాయన ఫోన్ చేశాడు. వాళ్లింట్లో మనవరాలి ఓణీల ఫంక్షన్, సౌండ్ మాదే కావాలట. రేటు మాట్లాడుకున్నాం. చివర్న, “అబ్బయ్యా, ఆ రష్యా పాట మాత్రం మర్చిపోబాక” అన్నాడు.

“ఆ పెన్ డ్రైవ్ పోయిందన్నా” అన్నాను.

“పోతే పోనీలే, ఎట్లుంటది అది…” అని ఫోన్లోనే ఎత్తుకున్నాడు. మాటలు లేకుండా, పియానో ఆగే చోట ఆగి, ఆమె విరిచే చోట విరిచి. ఒక్క మెలిక తప్పలేదు.